దీపమే కాదు.. డ్రాయింగులూ ఆమె చేతిలోనే!

సివిల్ ఇంజినీరింగ్ పూర్తిచేసి ఏదో కన్సల్టెన్సీలో ట్రెయినీగా చేరారనుకోండి. మీకు అప్పగించిన మొదటి ప్రాజెక్టు ఒక ఆసుపత్రి. సీనియర్ డ్రాయింగుల కట్ట తెచ్చి మీ టేబుల్ మీద పెట్టి, ఒకసారి చూసి తప్పులుంటే చెప్పమంటాడు. కాలమ్‌లు, బీములు, మెట్లు, లిఫ్టులు.. అన్నీ సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తాయి. మరి ఆ కాగితం మీద రోగి ఎక్కడున్నాడు? అతని మంచానికి గాలి ఎటునుంచి వస్తుంది? మాసిన దుప్పట్లు ఏ దారిన కిందికి వెళ్తాయి? రాత్రి డ్యూటీలో ఉన్న ఒక్క నర్సుకి కూర్చున్నచోటు నుంచి ఎన్ని మంచాలు కనిపిస్తాయి? మురుగు గొట్టం వార్డు కిందుగా పోతోందా, పక్కనుంచి పోతోందా?

170 ఏళ్ల కిందట ఈ ప్రశ్నలన్నీ వేసి, ఇంజినీర్లనూ మంత్రులనూ నిద్రపోనివ్వని మనిషి ఒకరున్నారు. ఆమె ఇంజినీరు కాదు, ఆర్కిటెక్టు అసలే కాదు. ఏ డిగ్రీ లేదు. అప్పట్లో ఆడపిల్లలకు విశ్వవిద్యాలయం తలుపులే తెరవలేదు మరి! ఆమె పేరు మీకు మూడో తరగతి నుంచీ తెలుసు. ఫ్లారెన్స్ నైటింగేల్.

దీపం పట్టుకుని రాత్రిళ్లు రోగుల మధ్య తిరిగిన తల్లి అని పాఠ్యపుస్తకంలో చదువుకున్నాం. అది అబద్ధం కాదు. కాకపోతే ఆమె నర్సుగా యుద్ధ ఆసుపత్రుల్లో గడిపింది రెండేళ్లలోపే. మిగిలిన యాభై ఏళ్లలో ఎక్కువ భాగం చేసింది మాత్రం, ఇవాళ మనం ఆసుపత్రి ప్లానింగ్, హెల్త్‌కేర్ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ అని పిలుస్తున్న పని. ఆ రంగంలోకి అడుగుపెట్టాలనుకునే వాళ్లకు ఆమె జీవితంలో ఈ రెండో భాగమే అసలు పాఠం.

తెల్లవారుజామున రిపోర్టులు

1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో పుట్టింది. ఊరి పేరే ఆమె పేరయింది. అక్క నేపుల్స్‌లో పుట్టింది కాబట్టి ఆ ఊరి పాత గ్రీకు పేరు పార్థెనోపి అని పెట్టారు. తల్లిదండ్రులు బాగా ఆస్తి ఉన్న ఇంగ్లిష్ వాళ్లు. తండ్రి విలియం దగ్గరుండి కూతుళ్లకు గ్రీకు, లాటిన్, చరిత్ర నేర్పించాడు. ఫ్లారెన్స్‌కి లెక్కల మీద ఇష్టం ఎక్కువ. ఆసుపత్రిలో పనిచేస్తానని ఆమె అనగానే ఇల్లంతా గొడవ. ఆ రోజుల్లో నర్సు అంటే తాగుబోతు పనిమనిషి అన్నట్టు చూసేవాళ్లు. గొప్పింటి పిల్ల అటు వెళ్లడమా! మంచి సంబంధం వస్తే అదీ కాదంది.

ఇంట్లో ఒప్పుకోలేదు కదా అని ఊరుకోలేదు. ఇల్లంతా లేవకముందే లేచి, కొవ్వొత్తి వెలుగులో ప్రభుత్వం అచ్చువేసిన ఆరోగ్య నివేదికలు, ఆసుపత్రుల లెక్కలు చదివి నోట్సు రాసుకునేది. టిఫిన్ వేళకు ఏమీ ఎరగనట్టు కిందికి దిగేది. ఇలా ఏళ్ల తరబడి. ఉద్యోగం రాకముందే ఆ రంగం గురించి ఉద్యోగంలో ఉన్నవాళ్లకంటే ఎక్కువ తెలుసుకోవడం అంటే ఇదే. 1851లో ఎలాగో ఒప్పించి జర్మనీలోని కైసర్స్‌వర్త్‌లో మూడు నెలలు శిక్షణ తీసుకుంది. అప్పటికి ఆమెకు 31 ఏళ్లు. మీ బ్యాచ్‌లో అందరికీ ఆఫర్లు వచ్చేసి మీకింకా రాలేదని బెంగపడుతుంటే ఈ అంకె ఒకసారి గుర్తుచేసుకోండి.

మొదటి ఉద్యోగం 33వ ఏట, 1853లో. లండన్ హార్లీ స్ట్రీట్‌లో జబ్బుపడిన మహిళల కోసం నడిపే చిన్న ఆసుపత్రికి సూపరింటెండెంట్. జీతం లేదు. తండ్రి ఏటా ఇచ్చే 500 పౌండ్లతో బతకాలి. అక్కడ ఆమె మొదట అడిగింది మందులు కాదు. ప్రతి అంతస్తుకూ వేడినీళ్ల గొట్టం కావాలంది. వంటగది నుంచి భోజనం పైకి రావడానికి చిన్న లిఫ్టు కావాలంది. ఏ రోగి గంట కొట్టిందో నర్సుకు వెంటనే తెలిసేలా గంటల ఏర్పాటు కావాలంది. కమిటీ వాళ్లకు ఇదంతా వింతగా అనిపించి ఉంటుంది. ఆమె లెక్క మాత్రం సూటిగా ఉంది. నర్సు రోజంతా మెట్లెక్కి దిగుతుంటే రోగిని చూసేదెప్పుడు?

ఇవాళ ఏ పెద్ద ఆసుపత్రి ప్రాజెక్టులోనైనా నర్స్ కాల్ సిస్టమ్, సర్వీస్ లిఫ్టు, వేడినీటి లైన్ల కోసం విడివిడిగా డ్రాయింగులు ఉంటాయి. వాటిని ఒకదానితో ఒకటి తగలకుండా కూర్చడమే కొత్తగా చేరిన ఇంజినీర్లకు ఇచ్చే పనుల్లో ఒకటి.

స్కుటారి

1854లో బ్రిటన్ క్రిమియా యుద్ధంలో దిగింది. గాయపడ్డ సైనికుల దుస్థితి గురించి టైమ్స్ పత్రికలో కథనాలు రావడంతో జనం మండిపడ్డారు. యుద్ధ వ్యవహారాలు చూస్తున్న మంత్రి సిడ్నీ హెర్బర్ట్‌కు ఫ్లారెన్స్ ముందే తెలుసు. ఆయన అడిగాడు, ఆమె సరేనంది. 38 మంది నర్సులతో అక్టోబర్ 21న బయల్దేరి నవంబర్ 4న ఇస్తాంబుల్ ఎదురుగా ఉన్న స్కుటారి చేరింది.

ఆసుపత్రి అంటే ఆసుపత్రి కాదది. టర్కీ సైన్యం వాడుకున్న పాత బ్యారక్. చూడటానికి కోటలా ఉంటుంది. లోపల నడవాల్లో కూడా పరుపులు. కింద మురుగు కాలువలు పూడిపోయి ఉన్నాయి. ఎలుకలు, పేలు. ఆమె వచ్చిన వెంటనే డాక్టర్లు వార్డుల్లోకి రానివ్వలేదు. మరుసటి రోజే ఇంకర్‌మన్ యుద్ధం జరిగి, గాయపడ్డవాళ్లు ఓడల కొద్దీ దిగేసరికి తప్పక పిలిచారు.

అక్కడ ఆమె చేసిన పనిని ఒకసారి ప్రాజెక్టు మేనేజరు కళ్లతో చూడండి. వేలకొద్దీ చొక్కాలు రేవుకు వచ్చి పడి ఉంటాయి. బోర్డు అనుమతి లేకుండా మూటలు విప్పకూడదని స్టోరు అధికారి. సామాను ఉంది, ఇవ్వడానికి సంతకం లేదు! ఆమె టైమ్స్ పత్రిక పోగుచేసిన నిధితో, సొంత డబ్బుతో బజార్లో కొనిపించేది. బట్టలు ఉతికేందుకు ఒక ఇల్లు అద్దెకు తీసుకుని బాయిలర్లు పెట్టించి, సైనికుల భార్యలకు పని ఇచ్చింది. డిసెంబర్‌లో మరో పెద్ద గుంపు వస్తోందని తెలిసింది. బ్యారక్‌లో అగ్నిప్రమాదంలో పాడైన వార్డులు ఖాళీగా పడి ఉన్నాయి. బాగుచేయడానికి పెట్టిన కూలీలు సమ్మె చేశారు. ఖర్చు ఎవరు మంజూరు చేయాలో ఎవరికీ తెలియదు. ఆమె తన బాధ్యత మీద 200 మంది పనివాళ్లను పెట్టి, రోగులు వచ్చే వేళకు వార్డులు సిద్ధం చేయించింది. బిల్లు సంగతి తర్వాత. చివరికి యుద్ధ శాఖే ఆ డబ్బు తిరిగి ఇచ్చింది. ఇది చదివి మీరు రేపు అనుమతి లేకుండా కాంట్రాక్టరుకు పని ఇచ్చేయకండి. మీ వెనక మంత్రి ఉండడు.

ఇంత చేసింది. మరి మరణాలు తగ్గాయా?

తగ్గలేదు. పెరిగాయి. పాఠ్యపుస్తకాలు దాటేసే పేజీ ఇదే. 1855 ఫిబ్రవరికి ఆసుపత్రిలో చేరిన ప్రతి వందమందికీ 42 మంది చనిపోతున్నారు. తిండి మెరుగైంది, దుప్పట్లు శుభ్రమయ్యాయి, సేవ చేసే చేతులు వచ్చాయి. అయినా కుర్రాళ్లు విరేచనాలతో, జ్వరాలతో రాలిపోతూనే ఉన్నారు.

మార్చిలో లండన్ నుంచి శానిటరీ కమిషన్ వచ్చింది. డాక్టర్ జాన్ సదర్లాండ్, సివిల్ ఇంజినీరు రాబర్ట్ రాలిన్సన్ అందులో ముఖ్యులు. వాళ్లు రోగుల దగ్గరికి కాకుండా ముందు కాలువల దగ్గరికి వెళ్లారు. మురుగు కాలువల్లో నీళ్లు వదిలి కడిగించారు. వందల బండ్ల చెత్త ఎత్తించారు. చచ్చిన జంతువులను పూడ్పించారు. నీళ్లు వచ్చే దారిలో గుర్రం కళేబరం కుళ్లుతోంది, దాన్ని తీయించారు. గాలి ఆడటానికి పైకప్పుల్లో దారులు తెరిచారు, గోడలకు సున్నం వేయించారు. జూన్ వచ్చేసరికి మరణాలు నూటికి రెండుకు అటూఇటూ దిగాయి.

అదే ఏడాది ఇంకో ప్రయోగం కూడా జరిగింది. రైల్వేలు, వంతెనలు కట్టిన ప్రఖ్యాత ఇంజినీరు ఇసంబార్డ్ బ్రూనెల్‌ను యుద్ధ శాఖ ఒక ఆసుపత్రి డిజైన్ చేయమంది. ఆయన ఇంగ్లండ్‌లోనే చెక్క ముక్కలుగా తయారుచేయించి, ఓడలో పంపి, డార్డనెల్స్ తీరంలోని రెంకియోయ్‌లో బిగింపజేశాడు. 50 మంచాల యూనిట్లు, ఒక్కోదానికి సొంత మరుగుదొడ్లు, లోపలికి గాలి తోసే ఫ్యాన్లు, దూరంగా ఇనుప వంటగది. ఇవాళ మనం ప్రీఫ్యాబ్ ఆసుపత్రి అంటున్నదే. అక్కడ చికిత్స పొందిన సుమారు 1,300 మందిలో చనిపోయింది 50 మంది. నిజమే, అక్కడికి వచ్చిన రోగులు అంత విషమ స్థితిలో ఉన్నవాళ్లు కాదు. అయినా అంత తేడా!

తన ఆసుపత్రి లెక్క తానే విప్పింది

1856 ఆగస్టులో ఆమె మిస్ స్మిత్ అనే మారుపేరుతో, ఊరేగింపులు తప్పించుకుని ఇల్లు చేరింది. దేశమంతా ఆమెను దేవతను చేసి కూర్చోబెట్టింది. ఊరుకుని ఉంటే జీవితాంతం పొగడ్తలతో గడిచిపోయేది.

ఆమె మాత్రం జనన మరణాల లెక్కల్లో ఘనాపాటి అయిన విలియం ఫార్‌తో కూర్చుని, సైన్యం మరణాల పట్టికలు తిరగేసింది. గాయాలతో పోయినవాళ్లకంటే రోగాలతో పోయినవాళ్లు ఎన్నో రెట్లు. శాంతికాలంలో ఇంగ్లండ్ బ్యారక్‌లలో ఉన్న సైనికులు కూడా అదే వయసు పౌరులతో పోలిస్తే దాదాపు రెట్టింపు చనిపోతున్నారు. ఇక ఆసుపత్రులను పోల్చి చూస్తే, స్కుటారిలో మరణాల రేటు ముందువరసలో ఉంది. తాను నడిపిన చోటే! ఈ లెక్క చూశాకే ఆమె ఆలోచన పూర్తిగా భవనం మీదికి, మురుగు మీదికి, గాలి మీదికి మళ్లిందని కొందరు చరిత్రకారుల మాట. అందరూ ఒప్పుకోరు. కానీ ఆ పట్టికలను దాచిపెట్టలేదన్నది మాత్రం ఖాయం. నెలనెలా మరణాలను రంగుల రేకులుగా చూపే వృత్తచిత్రం గీయించి, 1858లో అచ్చువేయించి పెద్దలందరికీ పంచింది. నీలం రంగు రోగాలు, ఎరుపు గాయాలు. అంకెలు చదవని మంత్రి కూడా ఆ నీలం చూసి గతుక్కుమనాల్సిందే. ఆ ఏడాదే లండన్ స్టాటిస్టికల్ సొసైటీ ఆమెను తొలి మహిళా సభ్యురాలిగా తీసుకుంది.

మీరు చేరిన ప్రాజెక్టులో ఏదో ఒక రోజు తప్పు మీ వైపే ఉందని మీ సైటు రిపోర్టే చెబుతుంది. అప్పుడు చేయి ఎలా వణుకుతుందో సైటులో పనిచేసినవాళ్లకు తెలుసు.

ఓడిపోయిన ప్రాజెక్టు

ఆమె వేలు పెట్టిన మొదటి పెద్ద నిర్మాణం సౌతాంప్టన్ దగ్గరి నెట్లీ సైనిక ఆసుపత్రి. ఇది ఓటమి కథ. 1856 మేలో విక్టోరియా రాణి శంకుస్థాపన చేసేసింది. నెలల తర్వాత ఆ ప్లాన్లు ఫ్లారెన్స్ చేతికి వచ్చాయి. పావు మైలు పొడవున్న మహా భవనం. సముద్రం వైపు ఎండా గాలీ తగిలేచోట పొడవాటి నడవా. రోగులుండే వార్డులేమో వెనకవైపు! బయటినుంచి చూసేవాళ్లకు అందంగా కనిపించాలని కట్టినట్టుంది తప్ప లోపల పడుకునేవాడి కోసం కాదు. ఆమె నేరుగా ప్రధాని పామర్‌స్టన్ దగ్గరికి వెళ్లి ఒప్పించింది. ఆయన యుద్ధ మంత్రికి ఘాటుగా రాశాడు కూడా. అయినా అప్పటికే పునాదులు లేచాయి, కాంట్రాక్టులు కుదిరాయి, ఆపితే 70 వేల పౌండ్లు పోతాయన్నారు. చిన్నచిన్న మార్పులతో పాత ప్లానే కట్టారు. 1863లో తెరిచారు.

డిజైన్ దశలో రబ్బరుతో చెరిపేసే గీత, పునాది పడ్డాక లక్షల రూపాయల మార్పు అవుతుంది. కాలేజీలో ఒక్క వాక్యంలో చెప్పే ఈ సంగతి ప్రధానమంత్రి అండ ఉన్న ఆమెకే మింగుడుపడలేదు.

ఇక ఆ తప్పు మళ్లీ చేయలేదు. పునాది పడకముందే దొరికించుకోవాలి. 1859లో ఆసుపత్రుల నిర్మాణంపై పుస్తకం తెచ్చింది, 1863కి దాన్ని బాగా పెంచి రాసింది. ఆసుపత్రి అన్నది ముందుగా రోగికి కీడు చేయకూడదన్నది అందులో ఆమె మొదటి షరతు. ఇంత చిన్న షరతు చెప్పాల్సి రావడమే వింత కదా అని ఆమెకూ అనిపించింది. ఒకే పెద్ద దిమ్మెలా కాకుండా, విడివిడి పొడవాటి బ్లాకులు కట్టాలంది. ఫ్రాన్స్‌లో లారిబ్వాజియేర్ లాంటి ఆసుపత్రులు అప్పటికే అలా ఉన్నాయి. ఇంగ్లండ్‌లో ది బిల్డర్ పత్రిక సంపాదకుడు జార్జ్ గాడ్విన్ కూడా అదే వాదిస్తున్నాడు. అంటే ఆలోచన ఆమెది కాదు. దాన్ని కొలతలతో, లెక్కలతో కట్టదగిన ప్లానుగా మార్చి, డబ్బిచ్చేవాళ్లను ఒప్పించిన పని ఆమెది. వార్డుకు ఎదురెదురు గోడల్లో కిటికీలు, రెండు మంచాలకు కనీసం ఒక కిటికీ. మరుగుదొడ్లు వార్డు చివర, మధ్యలో గాలి ఆడే చిన్న ఖాళీ. తేమ పీల్చని గోడలు. హెడ్ నర్సు గదిలోంచి వార్డంతా కనిపించే కిటికీ.

చిత్రమేమిటంటే చెడు గాలి వల్లే రోగాలు వస్తాయని ఆమె నమ్మింది. సూక్ష్మక్రిముల సిద్ధాంతాన్ని చాలాకాలం ఒప్పుకోలేదు. కారణం తప్పు, కట్టడం మాత్రం ఒప్పు! గాలి, వెలుతురు, ఎడం, శుభ్రమైన నీళ్లు ఉంటే క్రిములకూ కష్టమేగా.

మంచం మీది కన్సల్టెన్సీ

క్రిమియాలో పట్టుకున్న జ్వరం ఆమెను వదల్లేదు. 1857 నుంచి చాలా ఏళ్లు మంచానికే పరిమితమైంది. పని మాత్రం ఆగలేదు. ప్లాన్లు ఆమె ఇంటికే వచ్చేవి. సింకు ఎక్కడ, నేల దేనితో, కిటికీ ఎత్తెంత.. అన్నీ గుర్తుపెట్టి తిప్పి పంపేది. బంధువైన కెప్టెన్ డగ్లస్ గాల్టన్ డిజైన్ చేసిన వుల్విచ్‌లోని హెర్బర్ట్ ఆసుపత్రి 1865లో తెరిచారు. నెట్లీలో దక్కనిదంతా అక్కడ దక్కింది. లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రి స్థలం రైల్వేకి కావాల్సి వచ్చినప్పుడు, రోగులు ఏయే ప్రాంతాల నుంచి వస్తున్నారో లెక్క తీయించి మరీ, అమ్మేసి వేరేచోట కట్టమంది. స్థల ఎంపికకు ఇవాళ మనం చేసే క్యాచ్‌మెంట్ స్టడీ అదే. 1860లో ఆమె నర్సుల పాఠశాల మొదలైంది కూడా ఆ ఆసుపత్రిలోనే. ఏ ఆసుపత్రి లెక్కనైనా ఇంకోదానితో పోల్చేలా ఒకే నమూనా ఫారాలు తయారుచేసి అంతర్జాతీయ గణాంక సదస్సు ముందు పెట్టింది.

ఆమెతో పనిచేయడం తేలికని అనుకోకండి. సిడ్నీ హెర్బర్ట్ ఆరోగ్యం క్షీణిస్తున్నా సంస్కరణల పని కోసం వెంటపడింది. 1861లో ఆయన చనిపోయాడు. ఆ దుఃఖం ఆమెను చాలాకాలం వెంటాడింది.

మనకూ ఆమెకూ చుట్టరికం ఉంది. భారత్‌లోని సైనిక స్థావరాలన్నిటికీ ప్రశ్నావళి పంపించి, నీళ్లు ఎక్కడివి, మురుగు ఎటు పోతుంది, బ్యారక్‌లో మనిషికి ఎంత చోటు అని అడిగించింది. ఇక్కడి బ్రిటిష్ సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారని 1863 నాటి కమిషన్ తేల్చింది. పదేళ్ల తర్వాత అది 18కి దిగిందని ఆమె లెక్కకట్టింది. తర్వాత ఆమె దృష్టి రైతుల మీదికి, కరవుల మీదికి మళ్లింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర, సాగునీరే కరవుకు మందు అని వాదిస్తుంటే, లండన్‌లో ఆయనకు గట్టిగా మద్దతిచ్చినవాళ్లలో ఆమె ఒకరు. అన్నట్టు, సికింద్రాబాద్ తిరుమలగిరిలోని పాత సైనిక ఆసుపత్రిలో ఆమె పనిచేసిందని మన దగ్గర ఒక మాట తిరుగుతుంటుంది. నమ్మకండి. ఆమె భారతదేశానికి ఎప్పుడూ రాలేదు. రాకుండానే ఇంత పని చేసింది.

ఈ రంగంలోకి రావాలంటే ఇప్పుడు దారులు చాలానే ఉన్నాయి. సివిల్, ఎలక్ట్రికల్, మెకానికల్, ఆర్కిటెక్చర్, బయోమెడికల్ చదివినవాళ్లు కన్సల్టెన్సీల వైపు నుంచి వస్తారు. ఆసుపత్రి నిర్వహణలో పీజీ చేసినవాళ్లు ఆసుపత్రి యాజమాన్యం వైపు నుంచి వస్తారు. ఆటోక్యాడ్, రెవిట్, ప్రైమవెరా నేర్చుకోండి, కాదనను. జాతీయ భవన నియమావళిలో ఆసుపత్రులకు సంబంధించిన భాగాలు, ఎన్‌ఏబీహెచ్ ప్రమాణాలు, బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు ఇంటర్వ్యూకి ముందే చదవండి. కానీ వాటికంటే ముందు మీ ఊరి ప్రభుత్వాసుపత్రికి వెళ్లి ఒక పూట బయటి బెంచీ మీద కూర్చోండి. స్ట్రెచర్ ఏ మలుపు దగ్గర ఇరుక్కుంటోందో, ఓపీ చీటీ కోసం ముసలావిడ ఎన్నిసార్లు తిరుగుతోందో, చెత్త బండీ భోజనం బండీ ఒకే లిఫ్టులో వెళ్తున్నాయేమో చూసి రాసుకోండి. ఆ నోట్సు మీ రెజ్యూమెలో రెండు లైన్లయినా సరే, ఇంటర్వ్యూలో అరగంట మాట్లాడిస్తుంది.

1907లో బ్రిటన్ ఆమెకు ఆర్డర్ ఆఫ్ మెరిట్ ఇచ్చింది. ఆ గౌరవం పొందిన మొదటి మహిళ ఆమే. అప్పటికి చూపు పోయింది. 1910 ఆగస్టు 13న, 90 ఏళ్ల వయసులో లండన్‌లో కన్నుమూసింది. వెస్ట్‌మినిస్టర్ ఆబేలో సమాధికి అవకాశం ఇస్తామన్నా కుటుంబం వద్దంది. ఈస్ట్ వెలో అనే పల్లెలో సమాధి రాయి మీద రెండు పొడి అక్షరాలు, పుట్టిన, పోయిన తేదీలు మాత్రమే ఉన్నాయి.

పావు మైలు పొడవున సముద్రానికి అందంగా కనిపించిన నెట్లీ ఆసుపత్రిని 1966లో కూల్చేశారు. మధ్యలో ఉన్న ప్రార్థనా మందిరం ఒక్కటే మిగిలింది. 1871లో తెరిచిన సెయింట్ థామస్ ఆసుపత్రి బ్లాకుల్లో కొన్ని మాత్రం యుద్ధంలో బాంబులు పడినా తట్టుకుని, థేమ్స్ ఒడ్డున, పార్లమెంటు ఎదురుగా ఇవాళ్టికీ నిలబడే ఉన్నాయి.